పాత కంప్యూటర్ – స్టీరియో నాదం: ఒక ప్రయోగ పాఠం

విద్యలలో కొన్ని కంటితో నేర్చుకొనదగినవి, కొన్ని చెవితో నేర్చుకొనదగినవి. భౌతికశాస్త్రంలోని ధ్వని ప్రకరణం రెండవ కోవకు చెందినది. అయినను ఆ ప్రకరణాన్ని నల్లబల్ల మీద గీసిన తరంగాలతోనే ముగించడం మన తరగతులలో అలవాటైపోయినది. ఆ అలవాటును కొంత సడలించవలెనని అధ్యాపకులం, విద్యార్థులం కొందరం కలిసి ఈ సంవత్సరం ఒక చిన్న ప్రయత్నం చేసినాము. ఒక శ్రేయోభిలాషి ఇంటి అటక మీద చాలాకాలం మూలపడి ఉన్న గృహ కంప్యూటర్ ఒకటి మా చేతికి వచ్చినది. సభలలో వాడి విడిచిన పాత స్టీరియో ఆంప్లిఫయర్, రెండు స్పీకర్ పెట్టెలు బీరువాలో ఉన్నవి. మొదటిదానిని రెండవదానికి జతపరచి, కంప్యూటర్ నాదాన్ని తరగతి అంతటికి వినదగినదిగా చేయడమే మా సంకల్పం.

పని చిన్నదే. కాని మధ్యలో మేము చేసిన పొరపాట్లు, మాకు ఎదురైన ఒక అపాయం చిన్నవి కావు. అవి తెలిసిన తరువాత మౌనంగా ఉండుట తగదని ఈ వ్యాసం వ్రాయుచున్నాము. విద్యార్థులు దీనిని పాఠంగా చదువవలెను. కళాశాల కమిటీవారు చివరి భాగాన్ని విన్నపంగా స్వీకరించవలెను.

యంత్రం పూర్వచరిత్ర

హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, అనగా ఇ.సి.ఐ.ఎల్., 1967లో స్థాపితమైనది. ఆ సంస్థ 1969లో టి.డి.సి.-12 అను కంప్యూటర్‌ను వెలువరించినది. ఆనాటి కంప్యూటర్లు బీరువాలంత పరిమాణంలో ఉండెడివి. పరిశోధనాలయాలకే గాని ఇళ్లకు సంబంధించినవి కావు. 1980 దశకం వచ్చేసరికి బల్ల మీద ఇమిడే యంత్రాలు పుట్టినవి. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నగరంలో ఏకార్న్ సంస్థ 1981 చివరలో బి.బి.సి. మైక్రో అను యంత్రాన్ని విడుదల చేసినది. సింక్లెయిర్ స్పెక్ట్రమ్, కమొడోర్ 64 అనునవి 1982లో, ఆమ్‌స్ట్రాడ్ సి.పి.సి. 464 అనునది 1984లో వచ్చినవి.

భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1984-85లో ‘క్లాస్’ అను పథకాన్ని ప్రారంభించి, మొదటి విడతలో సుమారు 250 పాఠశాలలలో కంప్యూటర్ పరిచయ విద్యను ప్రవేశపెట్టినది. అందుకు ఎన్నుకొన్నది బి.బి.సి. మైక్రోనే. మన దేశంలో ఒక తరం విద్యార్థులు మొట్టమొదట తాకిన కీబోర్డు అదే. మాకు దొరికినది కూడ ఆ కోవ యంత్రమే కనుక దీనినే ఉదాహరణగా తీసుకొనుచున్నాము. దానిలోని శబ్దపు చిప్ తయారీ నిలిచిపోయి చాలాకాలమైనది. చెడిన పిదప కొత్తది తెచ్చి వేయుట కష్టం. ఈ మాటను విద్యార్థులు మొదట గుర్తుంచుకొనవలెను.

శబ్దం ఎట్లు పుట్టును?

ఈ యంత్రంలో శబ్దాన్ని పుట్టించునది ఎస్.ఎన్. 76489 అను చిప్. దానిలో మూడు స్వర మార్గాలు, ఒక రొద మార్గం కలవు. ప్రతి మార్గపు బిగ్గరతనాన్ని 16 మెట్లలో మార్చవచ్చును. ఒక్కొక్క మెట్టు 2 డెసిబెల్లు. చిప్‌నకు అందే గడియారపు పౌనఃపున్యం సెకనుకు 40 లక్షల కంపనాలు. చిప్ దానిని 32తో భాగించి, వచ్చిన 1,25,000ను మనం ఇచ్చిన పూర్ణసంఖ్యతో మరల భాగించును. ఆ సంఖ్య 1023కు మించరాదు. కనుక ఈ యంత్రపు స్వర మార్గాలు పలుకగల అతి మంద్ర స్వరం 1,25,000 ÷ 1023, అనగా సుమారు 122 కంపనాలు. అంతకన్న క్రింది స్వరం ఆ మార్గాల గొంతులో లేదు. ఎంత గొప్ప స్టీరియో తగిలించినను రాదు.

ఆ స్వరం వేణునాదం వలె నునుపైనది కాదు. అది చతురస్ర తరంగం: వోల్టేజి ఒక్కసారి పైకి లేచి, కొంతసేపు నిలిచి, ఒక్కసారి పడిపోవును. అట్టి తరంగంలో మూల స్వరంతో పాటు 3, 5, 7 మొదలగు బేసి సంఖ్యల రెట్ల అనుస్వరాలు ఉండును. మూడవ దాని పరిమితి మూలంలో మూడవ వంతు, ఐదవ దానిది ఐదవ వంతు, ఈ క్రమంలో తగ్గుచుండును. సరి సంఖ్యల అనుస్వరాలు ఉండవు. చెవికి తోచు కరకుదనానికి కారణం ఇదే.

పెట్టె లోపల ఉన్న చిన్న స్పీకరు 122 కంపనాల మూల స్వరాన్ని దాదాపు పలుకజాలదు. అనుస్వరాలను మాత్రం పలుకును. మన చెవి ఆ అనుస్వరాలను బట్టి మూల స్వరాన్ని ఊహించుకొనును. స్టీరియో పెట్టెల పెద్ద స్పీకర్లలో ఆ మూల స్వరం ఊహగా గాక నిజంగా వినబడును. ఈ ప్రయోగంలో మనకు కలుగు ముఖ్య లాభం ఇదే. రెండవ లాభం, తక్కువ వక్రీకరణతో తరగతి చివరి బల్ల వరకు శబ్దం చేరుట.

ఇచ్చట ఒక భ్రమను తొలగించవలెను. రెండు పెట్టెలు పెట్టినంత మాత్రాన స్టీరియో కాదు. ఎడమ, కుడి చెవులకు వేర్వేరు సంకేతాలు అందవలెనను ఆలోచనకు ఇంగ్లండులో అలన్ బ్లూమ్‌లైన్ 1931లో పేటెంటు దరఖాస్తు చేసినాడు. మన యంత్రం నుండి వచ్చునది ఒకే సంకేతం. దానిని రెండు వైపులకు పంచగలమే గాని రెండుగా చీల్చలేము. ఆమ్‌స్ట్రాడ్ యంత్రం ఇందుకు భిన్నమైనది. దాని చిప్‌లోని మూడు మార్గాలలో ఒకటి ఎడమకు, ఒకటి కుడికి, మూడవది రెండింటికి పోవును.

మేము చేసిన మొదటి పొరపాటు

ఆంప్లిఫయర్ వెనుక ఫోనో, ఆక్స్, టేప్ అని మూడు ప్రవేశద్వారాలు ఉన్నవి. మేము తొందరలో ఫోనో ద్వారంలో తీగ పెట్టినాము. గది అదిరిపోవునట్లు గరగరమని మ్రోగినది. ఒక విద్యార్థి చెవులు మూసుకొని బయటికి పరుగెత్తినాడు. తప్పు యంత్రానిది కాదు, మాది. ఫోనో ద్వారం గ్రామఫోను రికార్డు సూది నుండి వచ్చు కొన్ని మిల్లీవోల్టుల సంకేతం కొరకు ఏర్పడినది. అది మంద్ర స్వరాలను ప్రత్యేకంగా పెంచును, తార స్వరాలను తగ్గించును. ఆక్స్, టేప్ ద్వారాలు కొన్ని వందల మిల్లీవోల్టుల సంకేతం కొరకు ఉద్దేశించినవి, ఏ మార్పు లేకుండ పెంచునవి. కంప్యూటర్ తీగ పోవలసినది వీటిలోనికే.

జతపరచు విధానం

మా యంత్రానికి వెలుపల శబ్దపు సాకెట్టు లేదు. కావున లోపలి స్పీకరు కొనల నుండి సంకేతాన్ని తీసుకొన్నాము. ఆ స్పీకరును నడుపు చిన్న ఆంప్లిఫయర్‌కు 5 వోల్టుల సరఫరా. కనుక దాని సంకేతం అట్టడుగు నుండి శిఖరం వరకు 5 వోల్టులను మించజాలదు. మధ్య రేఖ నుండి చూచిన 2.5 వోల్టులు. ఇది ఆక్స్ ద్వారానికి ఎక్కువ. కాబట్టి 4.7 కిలో ఓముల నిరోధాన్ని వరుసలో పెట్టి, దాని తరువాత 1 కిలో ఓము నిరోధాన్ని భూతీగకు కలిపినాము. సంకేతం 5.7 వంతులలో ఒక వంతుకు తగ్గును. 2.5ను 5.7తో భాగించిన 0.44 వోల్టు. ఇది సురక్షితం, సరిపోవును కూడ. ఎడమకు ఒక జత, కుడికి ఒక జత నిరోధాలు విడివిడిగా పెట్టవలెను.

పని చేయు క్రమం ఇది:

మొదట రెండు యంత్రాల ప్లగ్గులను గోడ నుండి తీసివేయవలెను. స్విచ్ ఆపిన చాలదు. కంప్యూటర్ మూత విప్పిన తరువాత విద్యుత్ సరఫరా డబ్బాను తెరువరాదు. దానిలోని కెపాసిటర్లలో ప్లగ్గు తీసిన తరువాత కూడ అపాయకరమైన వోల్టేజి నిలిచియుండవచ్చును. పాత సరఫరా డబ్బాలలో మెయిన్స్ వైపు ఉండు కాగితపు కెపాసిటర్లు ఏళ్లు గడచిన పిదప బీటలు వారి పొగచిమ్ముట సాధారణం. వాటిని అనుభవజ్ఞుడైన మెకానిక్ చేత మార్పించిన తరువాతనే యంత్రాన్ని ఆన్ చేయవలెను.

రెండవది, స్పీకరు రెండు కొనలలో ఏది భూతీగకు చేరినదో మల్టీమీటరుతో చూడవలెను. ఆ కొన షీల్డెడ్ వైరు పై అల్లికకు, రెండవ కొన నిరోధాల ద్వారా లోపలి తీగకు పోవలెను. ఊహతో కలుపరాదు.

మూడవది, టంకపు పని అంతయు ముగిసిన తరువాత మల్టీమీటరుతో లోపలి తీగకు, అల్లికకు నడుమ నిరోధం కొలువవలెను. ఓము ఏమియు చూపని యెడల ఎక్కడో రెండు తీగలు తాకినవని అర్థం.

నాల్గవది, ఆంప్లిఫయర్ వాల్యూమ్‌ను సున్నా వద్ద ఉంచి ముందు కంప్యూటర్‌ను, తరువాత ఆంప్లిఫయర్‌ను ఆన్ చేయవలెను. ఆపునప్పుడు ముందు ఆంప్లిఫయర్, తరువాత కంప్యూటర్.

కరకుదనం తగ్గవలెననిన 1 కిలో ఓము నిరోధానికి సమాంతరంగా 0.022 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టవచ్చును. అది సుమారు 8,800 కంపనాలకు పైనున్న అనుస్వరాలను క్రమంగా అణచును. అంత శ్రమ వలదనుకొన్నవారు ఆంప్లిఫయర్ ట్రెబుల్ బిరడాను కొంచెం తగ్గించినను చాలును.

ఇతర యంత్రాలు కలవారికి రెండు మాటలు. స్పెక్ట్రమ్‌లో వెనుక ఉన్న టేప్ సాకెట్ల నుండి శబ్దం దొరకును. కమొడోర్ 64లో వీడియో సాకెట్టు 3వ పిన్ శబ్దం బయటికి వచ్చునది, 2వది భూమి. 5వ పిన్ శబ్దం లోనికి పోవునది. దానిని ఆంప్లిఫయర్‌కు కలుపరాదు. ఇక పాత టెలివిజన్ స్పీకరు నుండి తీగ లాగి స్టీరియోకు పెట్టుట ఎన్నడును చేయరాదు. కొన్ని పాత సెట్లలో ఛాసిస్ నేరుగా మెయిన్స్ తీగకే కలిసి ఉండును. ఆ తీగ తాకిన స్టీరియో లోహపు పెట్టె అంతయు ప్రాణాంతకమగును.

హోరు నేర్పిన పాఠం

అన్నియు సరిగా కలిపినాము. స్వరం వచ్చినది. దానితో పాటు 50 కంపనాల హోరు కూడ వచ్చినది. దీనికి సాధారణ కారణం భూవలయం. కంప్యూటర్ ఒక సాకెట్టులో, ఆంప్లిఫయర్ మరియొక గోడ సాకెట్టులో ఉన్నప్పుడు రెండింటి భూతీగలు, మనం పెట్టిన తీగ అల్లిక కలిసి ఒక వలయం ఏర్పడును. ఆ వలయంలో మెయిన్స్ ప్రేరణ వలన చిన్న ప్రవాహం పారి హోరుగా వినబడును. రెండింటిని ఒకే పలకకు తగిలించి, తీగను పొట్టిగా ఉంచిన తగ్గవలెను. మేము అట్లే చేసినాము. తగ్గలేదు.

అప్పుడే ఒక విద్యార్థిని ఒక చేయి ఆంప్లిఫయర్ మీద ఉంచి, రెండవ చేతితో కంప్యూటర్ వెనుక లోహపు మరను తాకినది. వెంటనే చేయి లాగుకొని “సార్, చిమచిమలాడుచున్నది” అన్నది. మేము అంతటితో పని ఆపి, ప్లగ్గులన్నియు తీయించి, ఎలక్ట్రీషియన్‌ను పిలిపించినాము. ఆయన పలక విప్పి చూపినాడు. మూడు రంధ్రాల సాకెట్టులో పై రంధ్రం వెనుక తీగయే లేదు. చూచుటకు ఎర్త్, లోపల శూన్యం.

దీని అర్థం విద్యార్థులు బాగుగా గ్రహించవలెను. ఇటువంటి యంత్రాల సరఫరా డబ్బాలలో రొద అణచుటకై ఫేజు తీగ నుండి ఒక చిన్న కెపాసిటర్, న్యూట్రల్ తీగ నుండి ఒకటి ఎర్త్‌కు కలిపి ఉండును. ఎర్త్ సరిగా ఉన్న యెడల వాటి ద్వారా పోవు స్వల్ప ప్రవాహం నేలలోనికి పోవును. ఎర్త్ తెగిన యెడల ఆ రెండు కెపాసిటర్లు 230 వోల్టులను సగం సగం పంచుకొనును. యంత్రపు లోహభాగం సుమారు 115 వోల్టుల వద్ద నిలుచును. ప్రవాహం స్వల్పం కనుక ఆ విద్యార్థినికి చిమచిమ మాత్రమే తెలిసినది. కాని అదే సమయంలో సరఫరాలో మరియొక లోపం ఉండి, ఫేజు తీగ పెట్టెకు తాకి ఉన్న యెడల? ఆ ప్రవాహాన్ని ఆపు ఫ్యూజు కరుగుటకు దారియే లేదు. దారి ఆ బిడ్డ శరీరమే అయ్యెడిది.

యంత్రానికి కూడ ఇదే ప్రమాదం. 115 వోల్టుల వద్ద తేలుచున్న కంప్యూటర్ తీగను ఆంప్లిఫయర్ సాకెట్టులో పెట్టునప్పుడు, అల్లిక కన్న ముందు లోపలి తీగ తాకిన ఆ వోల్టేజి క్షణకాలం సున్నితమైన భాగాల గుండా పోవును. మరల దొరకని చిప్ ఆ క్షణంలోనే పోవచ్చును. ప్లగ్గులు తీసిన తరువాతనే తీగ కలుపవలెనను నియమం ఇందుకే.

కొందరు హోరు పోవుటకు ఎర్త్ పిన్‌ను విరిచివేయుదురు. హోరు పోవచ్చును, దానితో పాటు రక్షణ కూడ పోవును. అట్లు ఎన్నడును చేయరాదు. ఎర్త్ సరిగా ఉండి కూడ హోరు తగ్గనిచో సంకేతపు దారిలో ఒకటికొకటి నిష్పత్తి గల చిన్న ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుట సరియైన మార్గం. ఎలక్ట్రీషియన్ కొత్త ఎర్త్ తీగ లాగి, కొలిచి చూపిన తరువాత మేము మరల ఆన్ చేసినాము. చిమచిమ లేదు. హోరు చెవి పెట్టి వింటే గాని తెలియనంతకు తగ్గినది.

గాంధారం ఒకటే

ఇక ప్రయోగం. ఈ యంత్రపు బేసిక్ భాషలో సౌండ్ అను ఆజ్ఞకు నాలుగు సంఖ్యలు ఇవ్వవలెను: మార్గం, బిగ్గరతనం, స్వరస్థానం, కాలం. స్వరస్థానం ఒక్కటి పెరిగిన అర్ధస్వరంలో నాల్గవ వంతు పెరుగును. ఒక స్థాయికి 48 మెట్లు. 89వ స్థానం 440 కంపనాల స్వరం. కాలం 255 అని వేసిన ఆగక మ్రోగును. ఎస్కేప్ మీట నొక్కిన ఆగును.

మేము ‘సౌండ్ 1, -8, 5, 255’ అని షడ్జమాన్ని నిలిపినాము. అది సుమారు 130.8 కంపనాలు. లోపలి స్పీకరులో ఈగ ముసిరినట్లున్న ఆ స్వరం స్టీరియోలో తంబురా మంద్రం వలె నిండుగా నిలిచినది. తరువాత రెండవ మార్గంలో 33 వేసిన పంచమం పలికినది. శుద్ధమైన పంచమం 3:2 నిష్పత్తి. ఒక స్థాయిని 1200 సెంట్లుగా విభజించిన 702 సెంట్లు. యంత్రం ఇచ్చునది 700. భేదం చెవికి దాదాపు తెలియదు.

గాంధారం వద్ద చిక్కు వచ్చినది. తెలుగు విద్యార్థులు అంతర గాంధారమన్నారు. ఉర్దూ విభాగం నుండి హార్మోనియం తెచ్చిన విద్యార్థి శుద్ధ గాంధారమన్నాడు. కొంత వాదం జరిగిన తరువాత రెండును ఒకే స్వరస్థానమని తేలినది. కర్ణాటక, హిందుస్తానీ పద్ధతుల పేర్లే వేరు. దాని సహజ నిష్పత్తి 5:4, అనగా సుమారు 386 సెంట్లు. యంత్రంలో 15 మెట్లకు 375, 16 మెట్లకు 400. హార్మోనియం మీట కూడ 400 సెంట్ల వద్దనే ఉండును. ఏది సహజానికి దగ్గర?

చెవితో తేల్చుటకు గాంధారాన్ని రెండు స్థాయిలు పైకి తీసికొనిపోయినాము: ఒకసారి 116, మరియొకసారి 117. షడ్జమపు చతురస్ర తరంగంలో ఐదవ అనుస్వరం సుమారు 654 కంపనాలు ఉన్నది గదా! సహజ గాంధారం సరిగా దాని మీదనే కూర్చుండవలెను. కూర్చుండకున్న రెండింటి భేదమెంతో సెకనుకు అన్ని విస్పందనాలు వినబడును. లెక్క ప్రకారం 116కు సుమారు 650 కంపనాలు, కనుక సెకనుకు 4 విస్పందనాలు. 117కు సుమారు 659, కనుక 5. చిప్ పూర్ణసంఖ్యతోనే భాగించును కాబట్టి నిజంగా వినబడు సంఖ్య దీనికి కొంత భిన్నంగా ఉండును. గడియారం పెట్టుకొని లెక్కించి, ఆ భేదానికి కారణం వ్రాయుటయే విద్యార్థులకు మేము ఇచ్చిన అభ్యాసం. నల్లబల్ల మీద ఎన్ని మార్లు చెప్పినను ఎక్కని అనుస్వరాల సూత్రం ఆనాడు అందరి చెవులకు ఎక్కినది.

ఎంత బిగ్గరగా?

లోపలి స్పీకరు శక్తి ఒక వాటులో కొంత భాగం మాత్రమే. స్టీరియో శక్తి పదుల వాట్లు. శక్తి రెట్టింపైన 3 డెసిబెల్లు మాత్రమే పెరుగును. చెవికి రెట్టింపు బిగ్గరగా తోచుటకు సుమారు పదిరెట్ల శక్తి కావలెను. కాబట్టి బిరడాను చివరి వరకు త్రిప్పినందువలన నాదం మెరుగుపడదు. చెవులు, స్పీకర్లు మాత్రం చెడును.

మన మన్ననూరువారికి ఈ మాట ప్రత్యేకంగా చెప్పవలసియున్నది. హైదరాబాదు నుండి శ్రీశైలం పోవు మార్గంలో నల్లమలకు మన ఊరు వాకిలి వంటిది. ఇక్కడి అడవి 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో భాగమైనది. 2014లో రాష్ట్ర విభజన జరిగిన తరువాత అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా ఏర్పడినది. జంతువుల నెమ్మది కొరకే రాత్రివేళ వాహనాలను చెక్‌పోస్టు వద్ద నిలుపుదురు. పైనున్న ఫరహాబాద్ పేరులోనే ఉర్దూలో ఆనందం కలదు. ఆ ఆనందంలో సగం నిశ్శబ్దమే. మేము కిటికీలు మూసి, పగటివేళ, పక్క గదిలోనివారు మాటలాడుకొనుటకు అడ్డురాని మేరకే వినిపించినాము. మంచి నాదానికి అంతకన్న ఎక్కువ అవసరం కనబడలేదు.

విన్నపం

విద్యార్థులారా! పాతబడినదని పారవేయు యంత్రం ఒక మంచి గురువు కాగలదు. దాని మూత విప్పవచ్చును, దాని లెక్కను కాగితం మీద సరిచూడవచ్చును. కాని ప్లగ్గు తీయకుండ చేయి పెట్టకుడు. తెలియని కొనను ఊహతో కలుపకుడు. చిమచిమ తెలిసిన వెంటనే సిగ్గుపడక చెప్పుడు. ఆనాడు ఆ విద్యార్థిని నోరు విప్పకున్న, మేము హోరును మాత్రమే వెదకుచు ఉండెడివారం.

కమిటీవారికి మా ప్రార్థన ఒక్కటే. మేము మార్పించినది ఒక పలక మాత్రమే. ప్రయోగశాలలలోను, తరగతులలోను ఉన్న తక్కిన సాకెట్లన్నింటిని విప్పించి, ఎర్త్ ఉన్నదో లేదో కొలిపించవలెను. కొత్త కంప్యూటర్లు కొనుటకు ముందే ఈ పని జరుగవలెను. మూడవ రంధ్రం వెనుక తీగ ఉన్నదని కొలిచి చూచిన తరువాతనే మా విద్యార్థుల చేతులను ఏ యంత్రం మీదనైనను ఉంచనిచ్చెదము.